తెల్ల బట్టల సైన్యం: కల్నల్ జార్జ్ వేరింగ్ జీవిత కథ

పిల్లలూ, మన ఇళ్ళల్లో చెత్తకి ఒక డబ్బా, రీసైక్లింగ్‌కి ఒక డబ్బా ఉంటాయి కదా! ఇండియాలో తాతగారి ఇంటి ముందుకి మున్సిపాలిటీ బండి వచ్చినప్పుడు కూడా తడి చెత్త, పొడి చెత్త వేరుగా ఇవ్వాలి. ఇలా ఇంట్లోనే చెత్తను వేరు చేయడం ఒక మహానగరం మొత్తానికి నేర్పించిన మనిషి 125 ఏళ్ళకి పైగా క్రితం ఈ దేశంలో ఉండేవారు. ఆయన పేరు జార్జ్ ఎడ్విన్ వేరింగ్.

వేరింగ్ 1833 జూలై 4న న్యూయార్క్ రాష్ట్రంలోని పౌండ్ రిడ్జ్ అనే ఊళ్ళో పుట్టారు. చిన్న వయసులోనే ఆయనకి వ్యవసాయం మీద ఇష్టం కలిగింది. నేలలో నీళ్ళు నిలవకుండా ఎలా బయటికి పంపాలి అనే విషయం బాగా చదువుకున్నారు. 1857లో న్యూయార్క్ నగరంలో సెంట్రల్ పార్క్ కట్టడం మొదలైంది. ఇవాళ మనం ఫోటోలు దిగే ఆ పార్కు అప్పుడు చాలాచోట్ల బురద నేల. నేల లోపల గొట్టాలు వేయించి ఆ నీటిని తీసేసే పని వేరింగ్‌కి అప్పగించారు.

తరువాత అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. వేరింగ్ ఉత్తరం వైపు సైన్యంలో చేరి, గుర్రపు దళానికి కల్నల్ అయ్యారు. యుద్ధం అయిపోయాక కూడా అందరూ ఆయన్ని కల్నల్ అనే పిలిచేవారు.

1878లో మెంఫిస్ నగరానికి ఎల్లో ఫీవర్ అనే విషజ్వరం వచ్చింది. ఆ ఒక్క ఊళ్ళోనే 5,000 మందికి పైగా చనిపోయారు. చాలామంది ఊరు వదిలి పారిపోయారు. మురికి వల్లే ఈ జ్వరం వస్తుందని అప్పటివాళ్ళు అనుకునేవారు. అందుకని 1880లో వేరింగ్‌ని పిలిచి కొత్త మురుగు కాలువలు కట్టించారు. వాన నీరు, ఇళ్ళ మురుగు నీరు ఒకే గొట్టంలో కలవకుండా ఆయన మురుగుకి విడిగా గొట్టాలు వేయించారు. వేరు వేరు వస్తువులు కలిసిపోతేనే కష్టం అనే ఆలోచన ఆయన పనుల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు కథకి వద్దాం. 1895లో న్యూయార్క్ మేయర్ విలియం స్ట్రాంగ్ వీధులు శుభ్రం చేసే శాఖని వేరింగ్ చేతిలో పెట్టారు. ఆ రోజుల్లో కార్లు లేవు. నగరంలో లక్షకు పైగా గుర్రాలు బళ్ళు లాగేవి. వాటి పేడంతా వీధుల్లోనే! దానికి తోడు ఇళ్ళ నుంచి పడేసిన బూడిద, కుళ్ళిన కూరగాయలు. ఊడ్చే ఉద్యోగాలు పార్టీవాళ్ళ సిఫారసుతో వచ్చేవి కాబట్టి పని జరుగుతోందా లేదా అని అడిగేవాళ్ళు లేరు. పోగుచేసిన చెత్తలో ఎక్కువ భాగాన్ని పడవల్లో తీసుకెళ్ళి సముద్రంలో పోసేవారు. అది మళ్ళీ ఒడ్డుకి కొట్టుకొచ్చేది.

వేరింగ్ ముందు పని చేసేవాళ్ళ గౌరవం పెంచారు. ఊడ్చేవాళ్ళందరికీ తెల్లటి యూనిఫాం, తెల్ల టోపీ ఇచ్చారు. ఊడ్చేవాడికి తెల్ల బట్టలేంటి అని జనం నవ్వారు. కానీ ఆయన ఉద్దేశం వేరు. డాక్టర్ తెల్ల బట్టలు వేసుకుంటాడు కదా, ఊరి ఆరోగ్యం కాపాడేవాడు కూడా అంతే అన్నమాట. 1896లో వాళ్ళందరూ సైనికుల్లా వరుసగా నగరంలో కవాతు చేశారు. అప్పటికి నవ్వినవాళ్ళే చప్పట్లు కొట్టారు.

తరువాత ఇళ్ళకి ఒక నియమం పెట్టారు. తిండి వ్యర్థాలు, పొయ్యి బూడిద, పొడి చెత్త మూడింటినీ విడివిడిగా ఉంచాలి. తిండి వ్యర్థాల నుంచి కొవ్వు, ఎరువు తీశారు. పొడి చెత్తలో కాగితం, గుడ్డలు, లోహం ఏరి అమ్మారు. పనికిరాదనుకున్నది డబ్బు తెచ్చింది!

అయితే ఈ నియమం అందరికీ ఎలా చెప్పాలి? ఆ వీధుల్లో ఇటలీ నుంచి, రష్యా నుంచి, ఇంకా ఎన్నో దేశాల నుంచి కొత్తగా వచ్చిన కుటుంబాలు ఉండేవి. పెద్దవాళ్ళలో చాలామందికి ఇంగ్లీషు రాదు. పిల్లలకి బడిలో వచ్చేసింది. అందుకని వేరింగ్ పిల్లల సంఘాలు పెట్టించారు. వాళ్ళకి బ్యాడ్జీలు ఇచ్చారు. వీధిలో తొక్కలు పడేసేవాళ్ళకి మర్యాదగా చెప్పడం, ఇంటికెళ్ళి అమ్మానాన్నలకి తమ భాషలో వివరించడం, చూసింది రాసి ఇవ్వడం వాళ్ళ పని. రెండు భాషలు వచ్చిన పిల్లలే ఆ నగరానికీ తమ ఇంటికీ మధ్య వంతెన అయ్యారు.

1898 మొదట్లో నగరంలో ప్రభుత్వం మారింది, వేరింగ్ ఉద్యోగం పోయింది. అదే సంవత్సరం అమెరికా ప్రభుత్వం ఆయన్ని క్యూబాలోని హవానా నగరానికి పంపింది. అక్కడి మురుగు సమస్య చూసి ఏం చేయాలో చెప్పడం ఆయన పని. ఆ ఊళ్ళో ఎల్లో ఫీవర్ ఉంది. అది ఆయనకీ సోకింది. తిరిగి వచ్చాక, 1898 అక్టోబర్ 29న న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆయన వయసు 65.

ఒక విషయం గమనించండి. ఆ జ్వరం మురికి గాలి వల్ల వస్తుందని వేరింగ్ నమ్మారు. అది నిజం కాదు. దోమ వల్ల వస్తుందని క్యూబా డాక్టర్ కార్లోస్ ఫిన్లే 1881లోనే చెప్పినా చాలామంది నమ్మలేదు. 1897లో మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని చూశారు. 1900లో మన వర్జీనియాలో పుట్టిన వాల్టర్ రీడ్ బృందం క్యూబాలోనే ఎల్లో ఫీవర్ సంగతి తేల్చింది. కారణం వేరింగ్‌కి తెలియలేదు. అయినా ఆయన శుభ్రం చేయించిన న్యూయార్క్‌లో మరణాలు తగ్గాయి. ఎందుకంటే మురికి వల్ల వచ్చే జబ్బులు ఇంకా చాలా ఉన్నాయి.

ఇప్పుడు మన షాంటిలీ సంగతి. మన ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో గాజు సీసాలు రీసైక్లింగ్ డబ్బాలో వేయకూడదు, ఊదా రంగు పెద్ద డబ్బాల దగ్గరికి తీసుకెళ్ళాలి. ప్లాస్టిక్ సంచులు కూడా వేయకూడదు, అవి యంత్రాలకి చుట్టుకుపోతాయి. లిథియం బ్యాటరీలు, పురుగుల మందులు మామూలు చెత్తలో అసలు వద్దు. నలిగిన బ్యాటరీ చెత్త బండిలోనే మంట పెట్టగలదు. వాటిని వెస్ట్ ఆక్స్ రోడ్డులోని ఐ-66 ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లో ఇవ్వొచ్చు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మకి, తాతయ్యకి ఈ సంగతులన్నీ ఎవరు చెప్పాలి? తెలుగులో చెప్పగలిగిన మీరే!

ఆలోచించి రాయండి

1. వేరింగ్ ఊడ్చేవాళ్ళకి తెల్ల బట్టలు ఎందుకు ఇచ్చారు?
2. ఇళ్ళల్లో ఏ మూడు రకాల చెత్తని వేరు చేయమన్నారు?
3. నియమాలు చెప్పడానికి పిల్లల సహాయం ఎందుకు కావలసి వచ్చింది?
4. ఇంటి పని: మీ ఇంట్లో చెత్త డబ్బా మీద అతికించడానికి తెలుగులో ఒక చీటీ రాయండి. ఏది వేయాలో, ఏది వేయకూడదో అమ్మమ్మకి అర్థమయ్యేలా ఉండాలి. రాశాక ఆవిడ చేత చదివించండి.