నాగరత్నమ్మ తీసేయని పద్యాలు

పోయిన నెల మన క్లాసులో నా సెమినార్ ఉండింది, గుర్తుందా? ముద్దుపళని గురించి. ఐదు నిముషాల్లో ముగించేసినాను. రాధికా సాంత్వనము కథలో అసలైన భాగం వచ్చేసరికి, మిగతాది మీరే చదువుకోండి అని చెప్పి కూర్చున్నాను. వెనక బెంచీలో నవ్వులు వినిపించినాయి. మీకు తెలియనిది ఇంకొకటి ఉంది. ముద్దుపళని వేశ్యల ఇంట్లో పుట్టిందని రాసుకున్న పేజీని ఆ పొద్దున ఇంట్లోనే చించేసినాను. అమ్మ చూస్తే ఏమనుకుంటుందో అని భయం. మా ఇంట్లో అమ్మతో తెలుగు, నాన్నతో తమిళం. ఇలాంటి సంగతులు మాత్రం రెండు భాషల్లోనూ మాట్లాడము.

ఆ తర్వాత లైబ్రరీలో బెంగళూరు నాగరత్నమ్మ జీవితం చదివినాను. నేను చేసిన పనినే నాకంటే ముందు పెద్ద పెద్దవాళ్ళు చేసినారని, దాన్ని ఒప్పుకోని మనిషి ఒకామె ఉండిందని అప్పుడు తెలిసింది.

నాగరత్నమ్మ 1878లో మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టింది. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి. తండ్రి వాళ్ళను వదిలేసినాడు. చేతిలో డబ్బు లేకపోయినా తల్లి ఆమెకు సంగీతం, సంస్కృతం చెప్పించింది. ఆమె కన్నడం, తెలుగు కూడా బాగా నేర్చుకుంది. పద్నాలుగేళ్ళ వయసులో ఆ తల్లి కూడా పోయింది. మేనమామ దగ్గర పెరిగి, మైసూరు ఆస్థానంలో, తర్వాత బెంగళూరులో పాటతో పేరు తెచ్చుకుంది. ఇరవై అయిదేళ్ళు నిండకముందే మద్రాసు చేరింది.

చదువుకున్న మనిషి కాబట్టి ఆమెకు పుస్తకాల పిచ్చి. ముద్దుపళని పేరు చదివి, ఆ కావ్యం కోసం వెతికింది. ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని కొలువులో ఉన్న కవయిత్రి. కథ ఏమంటే, రాధ తాను పెంచిన ఇళను తానే కృష్ణునికిచ్చి పెళ్ళి చేస్తుంది. ఆ తర్వాత ఆ ఎడబాటు తట్టుకోలేక కుమిలిపోతుంది, కోపం తెచ్చుకుంటుంది. కృష్ణుడు వచ్చి ఆమెను బతిమాలుకోవాల్సి వస్తుంది. ఇందులో కోరిక ఆడమనిషిది. అడిగేదీ ఆమే, అలిగేదీ ఆమే.

నాగరత్నమ్మకు మొదట దొరికిన అచ్చు పుస్తకంలో కొన్ని పద్యాలు లేవు. కవయిత్రి తన గురించి, తన ఇంటి ఆడవాళ్ళ గురించి చెప్పుకున్న పీఠిక కూడా లేదు. నేను చించింది కూడా సరిగ్గా ఆ పేజీనే! ఆమె రాతప్రతి సంపాదించి, పోల్చి చూసి, ఒక్క పద్యం వదలకుండా 1910లో వావిళ్ళవారి ద్వారా అచ్చు వేయించింది.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు అంతకుముందే ముద్దుపళనిని తప్పుబట్టి ఉన్నారు. వితంతువులకు పెళ్ళిళ్ళు చేయించిన మనిషికే ఈ పద్యాలు ఆడదాని నోట రాకూడనివిగా తోచినాయి. నాగరత్నమ్మ వెనక్కి తగ్గలేదు. సిగ్గు అనేది ఆడవాళ్ళకొక్కరికేనా అని తన ముందుమాటలో అడిగింది. ఇంతకంటే పచ్చిగా ఉన్న వైజయంతీ విలాసాన్ని అదే పంతులుగారు యూనివర్సిటీ పిల్లల పాఠ్యపుస్తకంగా ఎట్లా ఒప్పుకున్నారని కూడా అడిగింది. నాకు ఇది చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. క్లాసులో ఏది చదవొచ్చు, ఏది చదవకూడదు అనే తగువు అప్పటిదే కదా!

1911లో పోలీసులు ప్రతులు పట్టుకుపోయినారు. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. పండితులు అర్జీలు పెట్టినా లాభం లేకపోయింది. అప్పట్లో మన హోసూరు, కృష్ణగిరి మద్రాసు ప్రెసిడెన్సీలో, సేలం జిల్లాలో ఉండేవి. అంటే ఆ నిషేధం మన ఊళ్ళకు కూడా. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్న రోజుల్లో, 1946-47లో గాని అది తొలగలేదు.

ఈ మధ్యకాలంలో ఆమె చేతులు కట్టుకుని కూర్చోలేదు. తిరువైయారులో త్యాగరాజు సమాధి పాడుబడి ఉందని తెలిసి, తన సొంత డబ్బుతో స్థలం కొని గుడి కట్టించింది. ఆ ఆరాధనలో ఆడవాళ్ళను పాడనివ్వకపోతే, 1927లో ఆడవాళ్ళనే కూడగట్టి వేరేగా పాడించింది.

ఒక విషయంలో మాత్రం నాకు ఇంకా తేలలేదు. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి దేవదాసి పద్ధతి పోవాలని బిల్లు తెచ్చినప్పుడు నాగరత్నమ్మ ఎదిరించింది. ముత్తులక్ష్మి తల్లి కూడా దేవదాసి కులంలో పుట్టినామే. చిన్నపిల్లలను ఆ బతుకులోకి తోయకూడదని ఒకరు. తమ కళ, ఆస్తి, గౌరవం తుడిచిపెట్టుకుపోతాయని ఇంకొకరు. ఇద్దరి మాటా నాకు న్యాయంగానే అనిపిస్తుంది. ఇది క్లాసులో మాట్లాడుకోవాల్సిన సంగతి, నవ్వుకుని వదిలేసేది కాదు.

1952లో రాధికా సాంత్వనము మళ్ళీ అచ్చయింది. అదే ఏడు మే 19న నాగరత్నమ్మ కన్నుమూసింది. ఆమె సమాధి త్యాగరాజు సమాధికి ఎదురుగానే ఉంది.

మొన్న రాత్రి భోజనాల దగ్గర ఆమె పేరు ఎత్తినాను. నాన్నకు తెలుసు! తిరువైయారు గుడి కట్టించినామె కదా అన్నారు. పుస్తకం సంగతి తెలియదు. అమ్మకు రెండూ తెలియవు. నేను మొత్తం చెప్పినాను, కొంత తెలుగులో, కొంత తమిళంలో. వేశ్య అన్న మాట దగ్గర ఒకసారి నీళ్ళు తాగినాను గాని, ఆగలేదు. అమ్మ కంచం తీయకుండా చివరిదాకా విన్నది. తర్వాత ఆ రాధ చివరికి ఏం చేసిందే అని అడిగింది.

చించేసిన పేజీ మళ్ళీ రాసినాను. మేడమ్‌ను ఇంకొక అరగంట అడిగినాను, ఒప్పుకున్నారు. ఈసారి మధ్యలో కూర్చోను. వెనక బెంచీవాళ్ళు కూడా రండి. నవ్వొస్తే నవ్వండి, కానీ ఆ తర్వాత ఒక ప్రశ్న అడగండి.