రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు

పెద్దల యెదుట పిల్లలు నోరు మెదపరాదని భావించు కాలములో, పిల్లలను మైకు ముందు నిలిపి లోకముచే వారి మాట వినిపించిన మహనీయులు శ్రీ న్యాయపతి రాఘవరావుగారు.

వారు 1905 ఏప్రిల్ 13న బరంపురములో జన్మించిరి. 1938లో మద్రాసు రేడియో కేంద్రము వెలసిన పిమ్మట, సహధర్మచారిణి కామేశ్వరిగారితో గూడి అచట తెలుగు బాలల కార్యక్రమమును నడపిరి. ఆంధ్రదేశమంతయు వారిని రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పిలుచుకొనెను. స్టూడియోలో పట్టు పిల్లలు కొలదిమందియే. తక్కినవారికై 1940లో బాలానంద సంఘమును, 1945లో ‘బాల’ మాసపత్రికను స్థాపించిరి.

హైదరాబాదు రేడియో మొదట మహబూబ్ అలీగారి సొంత కేంద్రము. 1935లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించినది. ఉర్దూ ప్రధానముగ సాగిన ఆ కేంద్రము 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరినది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించిన వేళ అన్నయ్య దంపతులు ఈ నగరమునకు తరలివచ్చి, ఇచటి స్టూడియోలోను పిల్లల కథలు, పాటలు, నాటికలు వినిపింపజేసిరి. 1980లో కామేశ్వరిగారు, 1984 ఫిబ్రవరి 24న రాఘవరావుగారు దివంగతులైరి.

నాడు గ్రామమై నేడు నగరములో గలిసిన మన చాంద్రాయణగుట్టకు వారి జీవితము ఒక కర్తవ్యమును బోధించుచున్నది. గ్రంథాలయమునకు నిశ్శబ్దము నియమమే. అయినను వారమున కొక గంట పిల్లలకు విడిచి, వారు చదివిన కథను వారిచేతనే చెప్పించి పెద్దలము విందము. ఈ రజతోత్సవమునకు అంతకన్న తగిన కానుక లేదు.