రెండు చదరాల చిత్రకారుడు – ఎల్ లిసిట్‌స్కీ

సంగీతానికి రూపం లేదు. అయినా గ్రామఫోను రికార్డు చేతికందగానే పాటకంటె ముందుగా మనలను పలకరించేది దాని అట్టమీది బొమ్మ. విద్యుత్ యంత్రాలతో స్వరాలను సృష్టించి ఖ్యాతి గడించిన జర్మనీ బృందం క్రాఫ్ట్‌వెర్క్. 1978లో ఆ బృందం ‘మనిషి–యంత్రం’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక రికార్డు వెలువరించింది. ఎర్రచొక్కాలు, నల్లని టైలు ధరించిన నలుగురు కళాకారులు, ఏటవాలుగా సాగే అక్షరాలు – ఇదీ కార్ల్ క్లెఫిష్ కూర్చిన ముఖపత్రం. దీనికి ప్రేరణ లిసిట్‌స్కీ అని ఆ అట్టమీదనే ముద్రించారు. అప్పటికి లిసిట్‌స్కీ మరణించి 36 సంవత్సరాలు.

లాజర్ లిసిట్‌స్కీ 1890 నవంబరు 23న రష్యాలో స్మొలెన్‌స్క్ సమీపాన గల పొచినోక్‌లో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. బాల్యంలోనే విటెబ్‌స్క్ నగరంలో యెహూదా పెన్ అనే గురువు వద్ద చిత్రలేఖనం అభ్యసించి, 15వ ఏటనే తాను ఇతరులకు బోధించసాగాడు. ఆనాటి రష్యాలో యూదు విద్యార్థుల ప్రవేశానికి ప్రభుత్వం హద్దు విధించింది. ప్రతిభ ఉన్నా పీటర్స్‌బర్గ్ కళాశాలలో అతనికి చోటు దొరకలేదు. ఆ యువకుడు నిరాశకు లొంగక, 1909లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ చేరి వాస్తుశాస్త్రం చదివాడు. మూసుకొన్న తలుపే అతనిని చిత్రకళకూ వాస్తువిద్యకూ వారధిగా మలచింది.

1914లో యుద్ధం రాగా స్వదేశం చేరాడు. 1919లో షగాల్ ఆహ్వానంపై విటెబ్‌స్క్ కళాశాలలో ఆచార్యుడైనాడు. అక్కడ మాలేవిచ్ సాహచర్యంతో రేఖాగణిత రూపాలవైపు మరలాడు. 1922లో బెర్లిన్‌లో ప్రచురితమైన పిల్లల పుస్తకంలో ఒక ఎర్ర చదరం, ఒక నల్ల చదరం – ఇవే కథాపాత్రలు. మనిషి ముఖం లేకుండానే కథ చెప్పవచ్చునని ఆ పుటలు నిరూపించాయి. 1923లో మయకోవ్‌స్కీ కవితలకు కూర్చిన గ్రంథంలో, కోరిన కవిత వెంటనే దొరికేటట్లు పుటల అంచులను మెట్లుమెట్లుగా కత్తిరింపజేశాడు. ఆ ఏడే, యంత్రశక్తితో కదలవలసిన బొమ్మల నాటకానికి చిత్రించిన రూపాలు వెలువడ్డాయి. మనిషినీ యంత్రాన్నీ కలిపిన ఆ ఊహ, క్రాఫ్ట్‌వెర్క్ వారి ఊహకు ఎంత సన్నిహితమో చెప్పనక్కరలేదు.

1923లోనే క్షయవ్యాధి బయటపడింది. స్విట్జర్లాండులో చికిత్స పొందుతూ కూడ పని మానలేదు. 1928లో కొలోన్ ప్రదర్శనలో సోవియట్ మండపాన్ని తీర్చిదిద్దాడు. 1941 డిసెంబరు 30న మాస్కోలో కన్నుమూశాడు.

ఆయన జీవితకాలంలో విద్యుత్ సంగీతం ఇంకా శైశవదశలోనే ఉన్నది. అయినా ఆ సంగీతం తనకొక ముఖాన్ని వెదుకుకొన్నప్పుడు, అది ఆయన చదరాలలో దొరికింది. ఒక విద్యాలయం కాదన్న విద్యార్థి తరువాతి తరాలకు తానే ఒక విద్యాలయమైనాడు. మన విద్యార్థులు గ్రహింపదగిన విశేషం ఇదే.