అశ్వశిక్షకుడు ఫ్రాంస్వా బోషే

గుఱ్ఱమును లోబఱచుటకు కొరడాయు కండబలమును చాలునని పలువురు తలంతురు. భయముచే లోబడిన గుఱ్ఱము నడచునే గాని మనసిచ్చి నడువదు. ఈ భేదమును జీవితమంతయు శోధించినవాడు ఫ్రెంచి అశ్వశిక్షకుడైన ఫ్రాంస్వా బోషే.

ఆయన 1796వ సంవత్సరమున పారిసు నగరమునకు సమీపమందలి వెర్సాయిలో జన్మించెను. ఆ కాలమున అశ్వవిద్య ప్రభువులకును సేనాధికారులకును గౌరవచిహ్నముగా నుండెను. బోషే ప్రభువంశీయుడు కాడు. గుఱ్ఱములకు శిక్షణమిచ్చుటయు, శిష్యులకు స్వారి నేర్పుటయు ఆయనకు జీవనోపాధి. పారిసులోని సర్కసులలో స్వారి చేసి ఆయన పేరు గడించెను. ఆనాటి సర్కసు వట్టి వినోదశాల కాదు. ఉత్తమాశ్వముల విద్యను చూచుటకు గొప్పవారును సైనికులును అచ్చటికి వచ్చుచుండిరి.

పార్టిజాన్ అను మేలుజాతి ఇంగ్లీషు గుఱ్ఱము ఏ రౌతునకును స్వాధీనము కాక, అపాయకరమైనదని పేరుపడెను. బోషే దానిని 500 ఫ్రాంకులకే కొని, ఓర్పుతో శిక్షించి, చూపరుల కంటికి కానరాని సంజ్ఞలతో నడిపించెను. దౌడు తీయు గుఱ్ఱము ముందుకు చాచు కాలిని అడుగడుగునకు మార్చునట్లు చేయు విద్యను మొదట ప్రదర్శించిన కీర్తి ఆయనకే ఇత్తురు. ఒలింపిక్ క్రీడలలోని ఉన్నతశ్రేణి అశ్వవిద్యాపరీక్షయందు నేటికిని ఈ మార్పును వరుసగా 15 మారులు చూపవలెను.

గుఱ్ఱము ఎదురు తిరుగుటకు మూలము దాని దవడయు మెడయు బిగిసియుండుటయే యని బోషే నిశ్చయించెను. కావున శిక్షకుడు జీను ఎక్కకమునుపే నేలపై నిలిచి, కళ్ళెము పట్టి, ఆ బిగువును మెల్లగా సడలింపవలెనని బోధించెను. ఎక్కిన పిదప చేతులతో ఆపుచు, కాళ్ళతో త్రోయుచు, రెండింటిని ఏకకాలమున ప్రయోగించి గుఱ్ఱపు శక్తినంతయు తన వశము చేసికొనవలెననెను. ఈ పద్ధతిని 1842లో గ్రంథముగా ప్రకటించెను. ఫ్రెంచి అశ్వసైన్యమున దానిని పరీక్షించిరి గాని తుదకు స్వీకరింపలేదు. గుఱ్ఱమును ఆరుబయట ధైర్యముగా ముందుకు నడుపుటయే విద్యయని వాదించిన కౌంటు దోర్ ఆయనకు ప్రతిపక్షి. ఈ వివాదముచే పారిసులోని రౌతులు రెండు పక్షములైరి.

1855లో ఒకనాడు సర్కసు భవనమున పైకప్పునుండి వ్రేలాడు పెద్ద దీపములగుత్తి తెగి బోషేపై పడెను. ఆయన కాలు నలిగిపోయెను. నాటినుండి ఆయన ప్రజలయెదుట స్వారి చేయలేదు. బలమైన కాళ్ళపై ఆధారపడిన పద్ధతికి కాళ్ళే దెబ్బతినెను. వయస్సు అఱువదికి చేరువయ్యెను. మునుపటి కీర్తిని తలచుకొనుచు కాలము గడిపినను తప్పుపట్టువారు లేరు.

బోషే అట్లు చేయలేదు. బలము లేనివాడు గుఱ్ఱముతో ఎట్లు మాటలాడవలెనని మరల మొదటినుండి వెదకెను. చేయి పనిచేయునపుడు కాలు ఊరకుండవలెననియు, కాలు పనిచేయునపుడు చేయి ఊరకుండవలెననియు, గుఱ్ఱము కలతచెందినపుడు నిలిచి అది శాంతించువఱకు వేచియుండవలెననియు గ్రహించెను. 1864లో వెలువడిన పండ్రెండవ ముద్రణమున ఈ క్రొత్త మార్గమును ప్రకటించెను. ఏ పద్ధతికై దేశముతో పోరాడెనో దానినే స్వహస్తముతో దిద్దుకొనెను. రౌతులు దీనిని ఆయన రెండవ పద్ధతి యందురు.

ఆయన శిష్యులలో అలెక్సి లోట్ అను సైనికుడు ముఖ్యుడు. ఇతడు ప్రతిపక్షియగు దోర్ వద్దను విద్య నేర్చి, ఇరువురిని గౌరవించెను. 1873లో బోషే మరణశయ్యపై నుండగా లోట్ చూడవచ్చెను. వృద్ధగురువు శిష్యుని చేతిని తీసికొని, పగ్గములు పట్టిన రీతిగా నిలిపి, కదలకుండ ఒత్తి పట్టెను. పిదప దానిని ఱొమ్మువైపునకు లాగి, ఇట్లెన్నడును చేయవలదని తెలియజేసెను. ఆయన బోధించిన కడపటి పాఠమదియే.

విద్యార్థులారా, పేరు గడించిన పిదప తన పాఠమును తానే దిద్దుకొనుట మొదట నేర్చుటకంటె కష్టమైన పని. బోషే దానిని కుంటికాలితో చేసెను.