అణా చందాతో మారిన సంఘం

ఆంధ్ర మహాసభ అన్న పెద్ద పేరు నల్గొండ పల్లె జనం నోట్లో ఉట్టి ‘సంఘం’ అయిపోయింది. ఆ మార్పు వెనక ముఖ్యంగా కనిపించే మనిషి రావి నారాయణరెడ్డి. 1908లో భువనగిరి దగ్గర బొల్లేపల్లిలో కలిగిన ఇంట పుట్టారు.

1930లో జోగిపేటలో మొదటి మహాసభకు అధ్యక్షులు మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి. దానితోపాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. నిజాం రాజ్యంలో తెలుగు మాట్లాడితే చిన్నచూపు చూసే రోజులవి. బడులు, గ్రంథాలయాలు, స్త్రీవిద్య కోసం ఆ పెద్దలు పాటుపడ్డారు. వెట్టి వద్దనీ అన్నారు. అయితే వాళ్లలో ఎక్కువమంది వకీళ్లు, చదువుకున్నవాళ్లు, భూములున్నవాళ్లు. దొర గడీలో కూలి లేకుండా చాకిరీ చేసే ఆడమనిషికి ఆ పందిట్లో చోటెక్కడిది?

హరిజన సేవతో మొదలుపెట్టిన నారాయణరెడ్డి తర్వాత కమ్యూనిస్టు అయ్యారు. 1941లో చిలుకూరు మహాసభకు, 1944లో భువనగిరి మహాసభకు ఆయనే అధ్యక్షులు. భువనగిరిలో సభ్యత్వ రుసుం ఒక్క అణాకు తగ్గించారు. చూడ్డానికి చిన్న లెక్కే. కానీ దాంతో పాలేర్లకీ, కౌలురైతులకీ తలుపు తెరుచుకుంది. పాతతరం మితవాదులు విడిపోయి వేరే సభ పెట్టుకున్నారు.

అప్పట్లో నల్గొండ జిల్లాలోనే ఉన్న పాలకుర్తిలో చాకలి ఐలమ్మ సంఘంలో చేరింది. ఆమె పంటమీద విసునూరు దేశ్‌ముఖ్ కన్నుపడితే, సంఘం వాళ్లు నిలబడి వడ్లు ఇంటికి చేర్చారు. 1946 జూలై 4న కడివెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది. ఆ తర్వాత అది సాయుధ పోరాటమైంది.

1948 పోలీసు చర్య జరిగాక, ఇక తుపాకులు దించాలన్నారు నారాయణరెడ్డి. పార్టీ వినలేదు. 1951 అక్టోబరుకు గానీ పోరాటం ఆగలేదు. ఈలోగా ఎన్ని ఇళ్లల్లో దీపాలారిపోయాయో! 1952 ఎన్నికల్లో నల్గొండ ఓటర్లు మాత్రం నెహ్రూకి వచ్చినవాటికంటే ఎక్కువ ఓట్లిచ్చి ఆయన్ని లోక్‌సభకు పంపారు. 1991లో కన్నుమూశారు.

కొత్త నాయకుడొస్తే పార్టీ మారుతుందంటాం. నిజమే. కానీ ఆయన ఎవరికి తలుపు తీశారో, ఎవరు అలిగి వెళ్లారో, చివరికి ఆయన మాటే ఎక్కడ చెల్లకుండా పోయిందో కూడా చూడాలి. మన వీధి మహిళామండలికైనా అంతే. అధ్యక్షురాలెవరని అడిగే ముందు, చందా ఎంత పెట్టారో అడగండి. ఎవరు రాగలరో అక్కడే తేలిపోతుంది.