బోనులో నిలబడ్డ భాగవతార్

మా ఫింటాస్‌లో గురువారం సాయంత్రాలు కాస్త ఆలస్యంగా ముగుస్తాయి. మర్నాడు సెలవు కదా. పక్క ఫ్లాట్‌లో ఉండే తమిళ పెద్దాయన ఆ రోజు రాత్రి బాల్కనీలో కూర్చుని ఒక పాత పాట పెట్టుకుంటాడు. ‘హరిదాస్’ సినిమాలోని ‘మన్మథ లీలై’. మాట అర్థం కాకపోయినా ఆ గొంతు ఆపి వినిపిస్తుంది. మాది కడప జిల్లా అని తెలిశాక ఆయన నవ్వాడు. ఈ గాయకుడు చిన్నప్పుడు ఇంట్లోంచి పారిపోయి దొరికింది మీ ఊళ్ళోనే అన్నాడు. కువైట్‌లో కడపవాళ్ళకు కొదవ లేదు. వాళ్ళలో ఎందరికి ఈ సంగతి తెలుసో గానీ, నాకైతే అప్పటిదాకా తెలియదు.

ఆ గాయకుడు ఎం.కె. త్యాగరాజ భాగవతార్. 1910లో మాయవరంలో కంసాలి కుటుంబంలో పుట్టాడు. తర్వాత కుటుంబం తిరుచ్చి చేరింది. పిల్లాడికి చదువు మీద కంటే పాట మీదే ధ్యాస. తండ్రి కోప్పడితే ఇల్లు విడిచి వెళ్ళిపోయాడనీ, వెతుక్కుంటూ పోయిన తండ్రికి కడపలో జనం మధ్య పాడుతూ కనిపించాడనీ ఆయన జీవితం రాసినవాళ్ళు చెబుతారు. కొడుకు చుట్టూ మైమరచి కూర్చున్న జనాన్ని చూశాక ఆ తండ్రి ఇక పాట మానమనలేదట.

తిరుచ్చిలో రైల్వే అధికారి ఎఫ్.జి. నటేశ అయ్యర్‌కు నాటకాల పిచ్చి. ఆయన నడిపే రసిక రంజన సభ ‘హరిశ్చంద్ర’ నాటకంలో ఈ పిల్లాడికి లోహితాస్యుడి వేషం ఇచ్చారు. మన ఊళ్ళలో రాత్రంతా మేలుకొని చూసే నాటకమే. మధురై పొన్ను అయ్యంగార్ దగ్గర సంగీతం, నటరాజ వాద్యార్ దగ్గర నాటకం నేర్చుకున్నాడు. రంగస్థలం మీద అర్జునుడిగా పేరు తెచ్చిన ‘పవళక్కొడి’ 1934లో సినిమా అయింది. అక్కడి నుంచి పదేళ్ళు ఆయనకు ఎదురులేదు. ఆయన జుట్టు తీరును కుర్రకారు అనుకరించింది. బంగారు పళ్ళెంలో భోంచేసేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ పదేళ్ళలో తెలుగువాళ్ళ చేయి కూడా ఉంది. 1937లో ఆయనకు పెద్ద విజయమైన ‘చింతామణి’ని తీసింది నెల్లూరు వాడైన వై.వి. రావు. 1941లో వచ్చిన ‘అశోక్ కుమార్’లో అశోకుడు మన చిత్తూరు నాగయ్య, సవతి తల్లి తిష్యరక్షిత మన కన్నాంబ. భాగవతార్ ఆమె నిందకు బలైన కుణాలుడు. చేయని తప్పుకు తండ్రి తీర్పు వల్ల కళ్ళు పోగొట్టుకునే రాకుమారుడు. మన సారంగధరుడి కథకు చుట్టం లాంటిది. ఈ వేషాన్ని గుర్తుంచుకోండి.

1944 దీపావళికి మద్రాసు బ్రాడ్‌వే థియేటర్‌లో ‘హరిదాస్’ విడుదలైంది. మూడు దీపావళులు చూసిన సినిమా అని పేరు. అంత పెద్ద విజయాన్ని దాని నాయకుడు బయట ఉండి చూసింది కొన్ని వారాలే.

మద్రాసులో లక్ష్మీకాంతన్ అనే పత్రికాయన ఉండేవాడు. నటీనటుల పడకగది కబుర్లు అచ్చువేయడం ఆయన వ్యాపారం. ‘సినిమా తూదు’ అనేది పత్రిక పేరు. రాయకుండా ఉండటానికి డబ్బులిచ్చినవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడైతే ఆ పని వాట్సాప్ గ్రూపులు ఉచితంగా చేసిపెడుతున్నాయి. మన మహబూలా, ఫింటాస్ బిల్డింగుల్లో పుకారు లిఫ్ట్ కంటే ముందే పై అంతస్తుకు చేరుతుంది. భాగవతార్, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్, కోయంబత్తూరు స్టూడియో అధిపతి శ్రీరాములు నాయుడు కలిసి గవర్నర్‌కు అర్జీ పెట్టుకున్నారు. పత్రిక లైసెన్సు రద్దయింది. లక్ష్మీకాంతన్ ఊరుకోలేదు. ‘హిందూ నేసన్’ అనే మరో పత్రికతో మళ్ళీ మొదలుపెట్టాడు.

1944 నవంబర్ 8న వేపేరిలో లాయరును కలిసి రిక్షాలో తిరిగి వెళుతుంటే దారిలో ఆయన్ను కత్తితో పొడిచారు. మొదట ప్రాణాపాయం లేనట్టే కనిపించాడు. జనరల్ ఆసుపత్రిలో చేర్చారు. మర్నాడు చనిపోయాడు.

అనుమానం ఎటు పోతుందో చెప్పనక్కరలేదు. ఆయన మీద అర్జీ పెట్టిన ముగ్గురూ అరెస్టయ్యారు. ఇంకొందరితో కలిసి కుట్ర పన్ని చంపించారన్నది అభియోగం. కత్తి పట్టుకున్నారని ఈ ముగ్గురి మీద ఎవరూ అనలేదు. కేసంతా డబ్బిచ్చి చేయించారా లేదా అన్న దాని మీద, అందులోనూ అప్రూవర్‌గా మారినవాడి మాట మీద ఆధారపడింది. మద్రాసు హైకోర్టులో జస్టిస్ మాకెట్ ముందు విచారణ. అప్పట్లో హత్య కేసులకు జ్యూరీ ఉండేది. తొమ్మిది మంది. రోజూ కోర్టు బయట సినిమా హాలు దగ్గర చేరినట్టు జనం చేరేవారు.

శ్రీరాములు నాయుడు నిర్దోషిగా బయటపడ్డాడు. భాగవతార్, కృష్ణన్‌ల విషయంలో జ్యూరీ చీలింది. ఆరుగురు దోషులన్నారు, ముగ్గురు కాదన్నారు. 1945 మేలో యావజ్జీవ శిక్ష పడింది. బ్రాడ్‌వేలో ‘హరిదాస్’ ఆడుతూనే ఉంది. జనం టికెట్ కొని చూస్తున్న మనిషి అదే ఊరి జైల్లో ఉన్నాడు. ఈ ఒక్క విషయం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ టికెట్లు కొన్నవాళ్ళు ఆయన హంతకుడని నమ్మారా, నమ్మలేదా? నమ్మినా పాట కోసం వెళ్ళారా?

హైకోర్టులో అప్పీలు ఓడిపోయింది. మనకు అప్పటికి సుప్రీంకోర్టు లేదు. ఆఖరి మెట్టు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్. అక్కడి నుంచి కేసు మళ్ళీ వినమని మద్రాసుకే తిరిగి వచ్చింది. ఈసారి ప్రసిద్ధ క్రిమినల్ లాయర్ వి.ఎల్. ఎతిరాజ్ వాదించారు. 1947 ఏప్రిల్‌లో జస్టిస్ హ్యాపెల్, జస్టిస్ షాహబుద్దీన్ ఆ సాక్ష్యాలు నమ్మదగ్గవి కావని తేల్చి ఇద్దరినీ విడుదల చేశారు. అప్పటికి దాదాపు రెండున్నరేళ్ళు గడిచిపోయాయి.

ఇక్కడి నుంచి ఇద్దరి దారులూ వేరయ్యాయి. కృష్ణన్ జైలు నుంచి వచ్చి మళ్ళీ జనాన్ని నవ్వించాడు. సొంతంగా సినిమాలు తీశాడు, దానధర్మాలు చేశాడు. భాగవతార్ వల్ల అది కాలేదు. అరెస్టు నాటికి ఒప్పుకున్న సినిమాలన్నీ ఎప్పుడో చేజారాయి. 1948లో సొంతంగా ‘రాజముక్తి’ తీశాడు. మన భానుమతి అందులో నటించారు, సి.ఆర్. సుబ్బరామన్ సంగీతం ఇచ్చారు. సినిమా ఆడలేదు. తర్వాతివీ ఆడలేదు. జనం ఆయన్ను దోషి అనుకోవడం వల్లే ఇలా జరిగిందని చాలామంది రాస్తారు. నాకు పూర్తిగా ఒప్పుదల కాదు. కృష్ణన్‌నూ అదే జనం చూశారు కదా. ఆ రెండున్నరేళ్ళలో సినిమాయే మారిపోయింది. పాటలు తగ్గి మాటలు పెరిగాయి. తెర వెనక వేరేవాళ్ళు పాడితే తెర మీద నటులు పెదవులు కదిపే రోజులు వచ్చేశాయి. గొంతే ఆస్తిగా ఉన్న మనిషికి లోపల ఉండకూడని కాలం అది. కోర్టు శిక్ష రద్దు చేయగలిగింది గానీ ఆ కాలాన్ని తెచ్చి ఇవ్వలేకపోయింది.

చివరి ఏళ్ళలో కచేరీలు, గుళ్ళు తిరగడంతో గడిపాడు. మధుమేహం ముదిరి చూపు పోయింది. ‘అశోక్ కుమార్’ కథలో కుణాలుడికి చివరికి చూపు తిరిగి వస్తుంది. ఈయనకు రాలేదు. 1959 నవంబర్ 1న మద్రాసు జనరల్ ఆసుపత్రిలో కన్నుమూశాడు. పదిహేనేళ్ళ కిందట లక్ష్మీకాంతన్ చనిపోయిన ఆసుపత్రే. వయసు 49. అంత్యక్రియలు తిరుచ్చిలో జరిగాయి.

లక్ష్మీకాంతన్‌ను ఎవరు చంపించారన్నది ఇప్పటికీ తేలలేదు. మా పక్క ఫ్లాట్ పెద్దాయనకు మాత్రం తనదైన ఒక పేరు ఉంది. ఎన్నిసార్లు అడిగినా చెప్పడు. రుజువు లేకుండా పేరెత్తితే లక్ష్మీకాంతన్‌కూ నాకూ తేడా ఏముంటుందని పాట సౌండు కొంచెం పెంచుతాడు.