ఫ్రాన్సిస్ లెడ్విడ్జ్

ఫ్రాన్సిస్ లెడ్విడ్జ్ (ఆగష్టు 19, 1887 - జూలై 31, 1917) ఐర్లండు దేశానికి చెందిన కవి. వ్యవసాయ కూలీగా జీవితం ప్రారంభించి, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా మరణించాడు. స్వదేశ స్వాతంత్ర్యాన్ని కోరుతూనే బ్రిటిషు సైన్యంలో పనిచేసిన ఇతని జీవితం, ఆనాటి ఐరిష్ యువకుల అంతస్సంఘర్షణకు ఒక ఉదాహరణ.

బాల్యము, జీవనోపాధి

లెడ్విడ్జ్ మీథ్ కౌంటీలోని స్లేన్ గ్రామంలో నిరుపేద కుటుంబంలో జన్మించాడు. తొమ్మిదిమంది సంతానంలో ఎనిమిదవవాడు. ఇతని ఐదవ యేట తండ్రి మరణించగా, తల్లి కూలిపని చేసి పిల్లలను పోషించింది. 13వ యేట చదువు మాని పొలం పనులలో చేరాడు. తరువాత రోడ్డు పనిలోను, రాగి గనిలోను పనిచేశాడు. 1910లో మెరుగైన పని పరిస్థితుల కొరకు సమ్మె నడిపినందుకు గనిలో ఉద్యోగం కోల్పోయాడు.

సాహిత్యము

పల్లె ప్రకృతి ఇతని కవితలకు ముఖ్య వస్తువు. 1912లో తన కవితలను రచయిత లార్డ్ డన్సేనీకి పంపగా, ఆయన ఇతనిని ప్రోత్సహించి, తొలి సంపుటి సాంగ్స్ ఆఫ్ ది ఫీల్డ్స్ ప్రచురణకు తోడ్పడ్డాడు.

సైనిక జీవితము

ఐర్లండు జాతీయవాద దళమైన ఐరిష్ వాలంటీర్స్‌లో లెడ్విడ్జ్ సభ్యుడు. 1914 సెప్టెంబరులో జాతీయవాద నాయకుడు జాన్ రెడ్మండ్ బ్రిటను పక్షాన యుద్ధానికి రమ్మని పిలుపునిచ్చినపుడు మొదట వ్యతిరేకించాడు. అయితే ఇతరులు పోరాడుతుండగా తాను ఇంట కూర్చోవడం తగదని తలచి, అక్టోబరు 24న రాయల్ ఇన్నిస్కిల్లింగ్ ఫ్యూజిలియర్స్ దళంలో చేరాడు. 1915లో గల్లిపోలిలోను, సెర్బియాలోను పోరాడి, అస్వస్థుడై ఇంగ్లండుకు చేరాడు.

1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. తాను ధరించిన యూనిఫారము గల సైన్యమే తన మిత్రుడైన కవి థామస్ మెక్డొనాను కాల్చి చంపడం ఇతనిని కలచివేసింది. అతనిపై వ్రాసిన స్మృతిగీతం లెడ్విడ్జ్ కవితలలోకెల్లా ప్రసిద్ధమైనది. సెలవు ముగిసినా సకాలంలో తిరిగిరానందుకు సైనిక విచారణ నెదుర్కొని, లాన్స్ కార్పొరల్ హోదాను కొంతకాలం కోల్పోయాడు.

మరణము

1917 జూలై 31న బెల్జియంలోని ఈప్ర్ సమీపాన, బూజింగే వద్ద సైన్యం కొరకు రోడ్డు వేసే పనిలో ఉండగా ఫిరంగి గుండు పడి మరణించాడు. అప్పటికి ఇతని వయసు 29 సంవత్సరాలు. ఒకనాడు స్వగ్రామంలో కూటికొరకు చేసిన పనే ఇతని చివరి పని అయినది. అదే రోజున మరణించిన వేల్సు కవి హెడ్ విన్ సమాధి కూడా ఇతడున్న ఆర్టిలరీ వుడ్ శ్మశానంలోనే ఉన్నది.

చివరి సంపుటి లాస్ట్ సాంగ్స్ 1918లో వెలువడినది. స్లేన్‌లోని ఇతని ఇల్లు తరువాతి కాలంలో మ్యూజియముగా మారినది.